మాస్టారి మేకు

మా మాస్టారు పోయారు. కలకత్తా మెటియాబ్రుజ్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా లిలువా నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. ఏడుపు రాలేదు. అక్కడే ఒక అరుగు మీద కూలబడ్డాను. రెండు బస్సులు వెళ్లిపోయాయి.

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరై, అక్కడి రైల్వే కాలనీ చివర రేకుల షెడ్డులో మాలాంటివాళ్లకి బరువులెత్తడం నేర్పేవారు. ఆయన కుడి చెయ్యి మాత్రం భుజం దాటి లేచేది కాదు. వయసులో ఉండగా బరువులెత్తుతూ, నొప్పిని లెక్కచెయ్యక దాన్ని పాడుచేసుకున్నారు. చర్చిలో అందరూ రెండు చేతులూ ఎత్తి పాడుతుంటే ఆయన ఎడమదొక్కటే ఎత్తేవారు. "ఒకటి సాల్లే, దేవుడికి తెలుసు" అనేవారు.

షెడ్డు గోడకి బాగా ఎత్తులో ఒక మేకు ఉంది. బరువుల బార్ ముట్టుకునే ముందు ప్రతివాడూ తన తువ్వాలుని ఒక్కో చేత్తో ఒక్కోసారి దానికి తగిలించాలి. ఆయన చేతిని చూసేవారు కాదు, మొహం చూసేవారు. నొప్పికి అది కాస్త ముడుచుకుందా, "ఎల్లు, ఇంటికెల్లి తొంగో" అనేవారు. బతిమాలినా వినేవారు కాదు. ఆయన తువ్వాలు మాత్రం కిటికీ గడియకి వేలాడేది.

రైల్వే స్పోర్ట్స్ కోటా సెలక్షన్లు దగ్గరపడ్డాయి. ఇంటిల్లిపాదీ నా ఉద్యోగం మీదే ఆశ పెట్టుకున్నారు. నాకేమో కుడి భుజంలో ఒకటే సలుపు. అద్దం ముందు నిలబడి, మొహం కదలకుండా తువ్వాలు తగిలించడం సాధన చేశాను. ఆ తెలివేదో చదువులో చూపించి ఉంటే బాగుపడేవాణ్ణి. మాస్టారు నమ్మారు. సెలక్షన్ రోజున బార్ తల మీదికి లేచింది, భుజంలో ఏదో పటుక్కుమంది. ఉద్యోగం ఆశ అక్కడితో సరి.

తిడతారనుకున్నాను. "ఏట్రా, నన్నే మోసం సేసీసేవా?" అని తన కుడి భుజం తడుముకున్నారు. "మా మాస్టార్ని నేనూ ఇలాగే సేసేన్రా. దాసుకుంటే నొప్పి ఊరుకుంటాదేటి?"

ఏడాది పాటు రోజూ సాయంత్రం నా పక్కన నిలబడి, నా వేళ్లని గోడకి ఆనించి చేతిని కొంచెం కొంచెంగా పైకి పాకించారు. "ఆస్తే దాదా, ఆస్తే" అని బెంగాలీలో, మెల్లగా అన్నా మెల్లగా అంటూ బుజ్జగించేవారు. చెయ్యి చేరిన చోట సుద్దతో గీత గీసేవారు. కొన్నాళ్లు ఆ గీత కిందికే దిగేది. విసుగొచ్చి మానేస్తానంటే టీ తాగించి మళ్లీ గోడ దగ్గరికే తీసుకొచ్చేవారు. బరువులు మళ్లీ ఎత్తలేదు గానీ, నా చొక్కా నేనే తొడుక్కుంటున్నాను, నా కూతుర్ని ఎత్తుకుంటున్నాను. అది ఆయన పెట్టిన భిక్షే.

ఆయన్ని సాగనంపి సమాధుల తోట నుంచి తిరిగొస్తూ షెడ్డుకి వెళ్లాను. కిటికీ గడియకి ఆయన తువ్వాలు అలాగే ఉంది. తీసి, కుడి చేత్తో గోడ మీది మేకుకి తగిలించాను. నా మొహం ముడుచుకుంది. ఆయనుంటే ఇంటికి పంపేసేవారు.