మామగారు చదవని పేజీ

మా ఆఫీసులో ఒకావిడకి మేం పెట్టుకున్న పేరు ఎలాగక్క. ఫోన్ ఎత్తి మనిషిలా మాట్లాడే వాయిస్ అసిస్టెంట్‌ను ఎవరికి వాళ్ళు తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్ మాది. దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలు రాయడం అక్క పని. కోడ్ రాసేవాడి కుర్చీ పక్కన నిలబడి "ఇది ఎలాగ?" అంటుంది. చెప్పాక, "ఏదీ, మళ్ళీ చెప్పు, ఎలాగ?" అంటుంది. ఆవిడ దూరంగా కనబడగానే నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుని తెగ పనిలో ఉన్నట్టు నటించేవాణ్ణి. నా నటన ఆవిడ దగ్గర ఏనాడూ చెల్లలేదు.

రాసిన ప్రతి పేజీకీ ఇంట్లో ఒక పరీక్ష ఉండేది. పరీక్ష పెట్టేది వాళ్ళ మామగారు, రిటైరైన బస్సు కండక్టరు. భోజనాల బల్ల ముందు కూర్చుని, పేజీని వీధి చివరిదాకా వినబడేలా చదువుతూ, చెప్పింది చెప్పినట్టు ల్యాప్‌టాప్‌లో చేసేవారు. కుదిరితే "రైట్ రైట్!" తికమకపడితే "హోల్డాన్!" ఆ కేక పడిందంటే కోడలు తిరగరాయాల్సిందే. ఆయన రైట్ అననిదే పేజీ గడప దాటేది కాదు.

ఒక్కటి దాటింది. కొత్త వెర్షన్ విడుదలయ్యే ముందే ఆయనకి పక్షవాతం వచ్చింది. "మొదటి అసిస్టెంట్‌ను తయారుచేయడం" అన్న పేజీని అక్క ఆసుపత్రి వరండాలో కూర్చుని ముగించింది. అందులో చూపించడానికి ఒక నమూనా పెట్టింది. నమూనాలో ఒక పలకరింపు, అవతలి మనిషి మాట ఆపాక అసిస్టెంట్ ఎంతసేపు ఆగాలో చెప్పే ఒక అంకె. చురుగ్గా కనబడుతుందని ఆ అంకె బాగా చిన్నది వేసింది. హోల్డాన్ అనాల్సిన మనిషి లోపల మంచం మీద ఉన్నారు.

కొన్నాళ్ళకి కాళ్ళూ చేతులూ కోలుకున్నాయి. మాట మాత్రం ముక్కలుగా వచ్చేది. ఒక ముక్కకీ మరో ముక్కకీ మధ్య వినేవాళ్ళకి ఊపిరాడేది కాదు. "మాట్లాడుతూ ఉంటేనే మాట తిరిగొస్తుంది. మానేశారంటే ఇక కష్టం" అంది మాట నేర్పే డాక్టరమ్మ. అందుకే అపాయింట్‌మెంట్ ఆయన్నే ఫోన్ చేసి తీసుకోమంది అక్క.

డాక్టరమ్మ క్లినిక్‌లో ఫోన్ ఎత్తింది ఒక వాయిస్ అసిస్టెంట్. "నమస్కారమండీ! మీ మాట కోసమే ఎదురుచూస్తున్నాను, చెప్పండి."

"నాకు..." అన్నారాయన. రెండో మాట ఇంకా గొంతులోనే ఉంది.

"క్షమించండి, వినబడలేదు."

మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ క్షమించమంది. మూడోసారి ఫోనే పెట్టేసింది.

ఆయన ఫోన్‌ని బల్ల మీద బోర్లించారు. ఆనాటి నుంచి మంచినీళ్ళు కావాలన్నా గ్లాసు చూపించడమే, నోరు విప్పలేదు.

పక్కనే ఉన్న అక్క ఆ పలకరింపు వినగానే పోల్చుకుంది. అది వరండాలో తను రాసిన వాక్యమే. క్లినిక్ వాళ్ళు నమూనాని మక్కీకి మక్కీ దించేశారు, పలకరింపుతో సహా, ఆ చిన్న అంకెతో సహా. మా లోకం తీరే అంత. పేజీ మొత్తం చదివినవాడు లేడు, నమూనా కాపీ కొట్టనివాడూ లేడు.

మర్నాడు నా కుర్చీ పక్కన నిలబడి ఎలాగ అనలేదు. "నా రాతతోనే మా మామయ్యగారి నోరు మూయించాను, తమ్ముడూ" అంది. కళ్ళు నిండిపోయాయి. నా టీ కప్పు ఆవిడ చేతిలో పెట్టాను.

అంకె పెంచుతానంటే మేనేజరు ఒప్పుకోలేదు. "వేగమే కదమ్మా మన గొప్ప! నత్తనడక అంటారు."

"మాట పూర్తికాకుండా అడ్డొస్తే వేగమంటారా సార్? ఇంట్లో పిల్లలు అలా చేస్తే మొట్టికాయ వేస్తాం."

ఆయన నవ్వేశాడు. "సరే, రాయండి. ఫిర్యాదులొస్తే మీకే పంపిస్తా."

"పంపండి సార్. ఎంతసేపైనా వింటాను."

కొత్త పేజీలో అంకె పెరిగింది. పక్కన ఒక వాక్యం చేరింది: "మాట ఆగిందని చెప్పడం అయిపోయిందనుకోకండి, ఇంకొంచెం ఆగండి." ఆ నమూనా ఫోన్లో పెట్టడానికి నేనూ వాళ్ళింటికి వెళ్ళాను. మామగారు ముఖం తిప్పుకున్నారు.

"మీరు రైట్ అనకుండా ఒకసారి పంపి చెడ్డాను మామయ్యగారూ" అంది అక్క. "ఇది మీరంటేనే వెళ్తుంది. రేపు క్లినిక్‌కి నేనే పట్టుకెళ్తా. ఎలాగూ కాపీ కొట్టేస్తారు."

ఆయన పెదవి కొంచెం వంకర తిరిగింది. నవ్వే. ఫోన్ అందుకున్నారు.

"నాకు..."

ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. నేను మాట అందించబోతే అక్క నా చెయ్యి నొక్కేసింది.

"...డాక్టరమ్మతో..."

మళ్ళీ నిశ్శబ్దం. ఆయన నుదుటి మీద చెమట.

"...మాట్లాడాలి."

"అలాగేనండీ, డాక్టరమ్మతో మాట్లాడాలి కదా. ఏ రోజు వస్తారు?"

ఆయన ఫోన్ దించలేదు. అలాగే కోడలి వైపు తిరిగారు. పెదవులు కదిలాయి.

"రైట్..." అన్నారు.

రెండో రైట్ కోసం ముగ్గురం ఆగాం, అక్కా, నేనూ, ఫోన్లో అదీ.