వెనక పక్క లేని పుస్తకం

మా ఆయన ఆదికేశవులు తిరుత్తణిలో బడిపిల్లలకు యూనిఫారాలు కుట్టేవాడు. మొన్న ఆడి నెలలో పోయాడు. పరామర్శకు వచ్చినవాళ్లంతా ఒకటే మాట అన్నారు, బంగారంలాంటి మనిషి అని. బంగారమే కావచ్చు. ఆ బంగారంతో కాపురం చేసినదాన్ని నేను. ఎంత విసిగించాడో నాకు తెలుసు.

అంగడికి వచ్చిన పిల్లలు ఊరికే కూర్చోరు కదా. టేపు లాగుతారు, కత్తెర పట్టుకుంటారు. వాళ్లను కూర్చోబెట్టడానికి ఆయన ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు తెచ్చి పెట్టాడు. వారం వారం ఇంగ్లండులో పిల్లల కోసం వేసేవి. పట్టాభిరామ్ స్టేషన్ బయట పాత పుస్తకాలు అమ్మే పచ్చయ్యప్ప చెన్నైలో ఎక్కడెక్కడో వెతికి తెచ్చేవాడు. తిరుత్తణి పిల్లలకు అవి 'లండన్ పుస్తకాలు'. నెలల తరబడి ఆలస్యంగా వచ్చేవి. క్రిస్మస్ మంచు బొమ్మలు మాకు పంగుని ఎండల్లో చేరేవి. నేలంతా దూది ఎందుకు పోసినారని పిల్లలు అడిగితే, "పరుపులు కుట్టేవోళ్లు లేరే ఆ ఊర్లో, అందుకే" అనేవాడు ఈయన.

అక్కడితో ఆగితే నాకేం బాధ లేదు. ఆ పుస్తకాల్లో ఒక్కో కథ వారానికి ఒక పేజీ వస్తుంది, తరువాయి వచ్చే వారం అంటుంది. ఆ మాటంటే మా ఆయనకు గిట్టదు. పిన్నులు ఊడదీసి, ఒక్కో కథ పేజీలన్నీ ఏరి, మిషన్ మీద పెద్ద కుట్టు పెట్టి, కథకొక పుస్తకంగా కుట్టేవాడు. కానీ ఒక ఆకుకు ముందు పక్క ఒక కథ ఉంటే వెనక పక్క ఇంకో కథ ఉంటుంది కదా? అందుకని ప్రతి వారం రెండు కాపీలు కొనేవాడు. ఒకటి ముందు పక్క కోసం, ఒకటి వెనక పక్క కోసం. అక్కర్లేని పక్కన బట్ట గీసే సుద్దతో అడ్డగీత కొట్టేవాడు. బుద్ధి ఉన్నవాళ్లెవరైనా చేసే పనేనా ఇది?

దానికో శాస్త్రం కూడా పెట్టాడు. కుట్టనిది చదవకూడదు. కుట్టిన తర్వాత చదివి చెప్పేది నేను. ఆయనకు ఇంగ్లీషు రాదు. నేను గుండీలు కుడుతూ, బొమ్మల పక్క మాటలు చదివి తెలుగులో చెబితే ఆయన మిషన్ తొక్కుతూ వినేవాడు. అలా నాకు ఒక కథ పట్టుకుంది. సముద్రం మధ్య దీపస్తంభంలో ఒక పిల్ల ఉంటుంది. తండ్రి పడవలో పోయి తిరిగి రాడు. రోజూ దీపం వెలిగిస్తూ కూర్చుంటుంది. అంతే కథ. ఆ తండ్రి వస్తాడా రాడా అన్నది ఏళ్ల తరబడి నడిపాడు ఆ మహానుభావుడు, రాసినవాడు.

ఇంకో కథ కోకిలకు పట్టుకుంది. ఆ అమ్మాయి బడికి పోయే రోజుల్లో మా దగ్గర పావడాలు కుట్టించుకునేది. ఇప్పుడు కంపెనీ వ్యానులో శ్రీపెరుంబుదూరు పక్కకు పనికి పోతుంది. ఆదివారం వచ్చి తన పుస్తకం తీసుకుని కూర్చునేది. బడి ఫుట్‌బాల్ జట్టుకు గోలు కాసే ఒక ముసలమ్మ కథ అది.

లండన్ పుస్తకాలు ఒక్కొక్కటే ఆగిపోతూ వచ్చాయి. ముందు రెండు పుస్తకాలు కలిపి ఒకటి చేశారు. అట్ట మీద రెండు పేర్లు, లోపల కథలు సగం. తర్వాత కాగితం మెరిసింది, పేజీలు తగ్గాయి. ఆ తర్వాత ప్లాస్టిక్ సంచిలో పెట్టి, అట్ట మీద ఒక విజిలో, కప్పబొమ్మో అంటించి పంపారు. "బొమ్మ కొంటే పుస్తకం ఊరికే ఇస్తాండారు. మనం జాకెట్‌కి హుక్కులిచ్చినట్ల" అని గొణిగేవాడు.

ఈ ఏడు ఆడికి ముందు, ఆని నెలలో పచ్చయ్యప్ప ఫోన్ చేశాడు.

"అన్నా, లండన్ పుస్తకం ముడింజిపోయింది. ఇంక అచ్చెయ్యరంట. కడసీ పుస్తకం ఒకటే దొరికింది."

"ఒకటేనా? ఇంగోటి యాడ?"

"చెన్నైకి వచ్చిందే ఒకటన్నా. నేనేమన్నా ఇంట్లో అచ్చేసేదా?"

ఆ ఆఖరి పుస్తకం వచ్చింది. దీపస్తంభం పిల్ల ఆఖరి పేజీ, ముసలమ్మ ఆఖరి పేజీ ఒకే ఆకుకు ముందూ వెనకా ఉన్నాయి. ఆయన కుర్చీలో కూలబడ్డాడు, ఎవరో పోయినట్టు.

మా అమ్మాయి నిత్య ఫోన్ తెచ్చి చూపింది. "నాయనా, ఇంక దీన్లోనే వస్తాదంట. ఇదో సూడు."

ఆయన ఫోన్ అందుకుని తిప్పి చూశాడు. "దీనికి వెనక పక్క యాడమ్మా?"

"వెనక పక్క ఎందుకు నాయనా? వేలితో తోస్తే ముందుకు పోతాది."

"పోతాది, సరే. నేనేడ కుట్టేది?"

నిత్య నా వైపు చూసి ఫోన్ తీసుకుని వెళ్లిపోయింది. దానికి పారిపోవడానికి తిరువళ్లూరులో ఆఫీసుంది. నాకేముంది?

"జెరాక్స్ తీయించు మామా," అన్నాను.

తీయించాడు. తెచ్చి నా ఒళ్లో పడేశాడు. "సూడు. ఇది సముద్రమా, వంకాయ పులుసా?"

"సరే. ఆ ఆకు నా పుస్తకంలో కుట్టు."

"కోకిలకు మాటిచ్చినానే. అవ్వ ఆఖరి గోలు ఆపుతాదో లేదో సూపిస్తానని."

"నాకెప్పుడిచ్చినావు మాట, పెండ్లిలో తప్ప?"

"నీకెందుకే ఆ కత? పాత పేపరుకు వేసెయ్యమని రోజూ అరిచేది నువ్వే కదా!"

"సదివినాక వెయ్యమన్నా!"

ఆయన నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఆ ఆకును బట్ట కొలతల కాగితంలో చుట్టి మిషన్ సొరుగులో పెట్టి తాళం వేశాడు. కుట్టకుండా చదవకూడదు కదా.

ఆ వారమంతా మేం మాట్లాడుకున్నది కాఫీ కలపనా, సాంబారు పోయనా అన్నంత వరకే. కొండమీది మురుగన్‌కు పెద్ద పండగ, ఆడికృత్తిక దగ్గర పడుతోంది. కావడి మొక్కులవాళ్ల పసుపు బట్టలు కుప్పలుగా పడి ఉన్నాయి. వాళ్లు వచ్చి అరుస్తుంటే ఈయన ఎవరిదో రెండు పక్కలా తొడుక్కునే కోటుకు జిప్పు మారుస్తూ దాన్ని తిప్పి, మళ్లీ తిప్పి, "మే, ఇట్ల రా" అని పిలిచాడు.

"ఇటు నుంచి నీ పిల్ల. అటు నుంచి కోకిల అవ్వ. నడాన ఈ ఆకు. ఇద్దురూ ఈడికే వచ్చి నిలుచుకుంటారు."

మంచి ఉపాయమే. కానీ అలా కలవాలంటే ముసలమ్మ పుస్తకం ఉర్దూ పుస్తకంలా తెరుచుకోవాలి. కుట్టు కుడి పక్కకు రావాలి. ఏళ్ల తరబడి ఎడమ పక్క వేసిన కుట్లన్నీ విప్పాలి. బ్లేడు పట్టుకుని విప్పుతూ కూర్చున్నాడు. "మురుగన్ మొక్కు ముందా, నీ ముసల్ది ముందా?" అని నేను అరిస్తే, "మురుగన్ కొండమీదనే ఉంటాడు, యాడికీ పోడు" అన్నాడు.

ముసలమ్మ పుస్తకాన్ని అటువైపు కుట్టడం అయింది. రెండు పుస్తకాలూ సిద్ధం. మధ్యలో ఆ ఆకు పెట్టి కలిపి కుట్టడమే మిగిలింది. ముందు మొక్కులవాళ్ల పని చూడమని నేనే గట్టిగా చెప్పాను. విన్నాడు. నా మాట ఆయన విన్నది అరుదు. ఆ పసుపు పంచెలకు అంచు కుడుతుండగానే గుండెలో నొప్పన్నాడు. తిరువళ్లూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. తిరిగి రాలేదు.

కర్మలు అయ్యాక అంగడి ఖాళీ చేయాలన్నారు. పుస్తకాలు పాత పేపరుకు వేసేద్దామన్నారు బంధువులు. నేనే రోజూ అన్న మాట అది. వాళ్ల నోట వింటే కొట్టాలనిపించింది.

ఆదివారం కోకిల వచ్చింది. సొరుగు తెరిచి ఆ పొట్లం తీసి బల్ల మీద పెట్టాను.

"అత్తా, తెరిచి సూడు. అడ్డం చెప్పేదానికి ఎవురుండారు ఇప్పుడు?"

"కుట్టకుండా చదవకూడదు," అన్నాను. నా నోటి నుంచే వచ్చింది ఆ పాడు శాస్త్రం.

మిషన్ నాకు రాదు. ఎన్నడూ ముట్టనియ్యలేదు కదా మహారాజు! నా పని గుండీలే. కళ్లు పక్కకు తిప్పుకుని ఆ ఆకును రెండు పుస్తకాల మధ్య సర్దాను. కోకిల అంచులు అదిమి పట్టుకుంది. బొంతలు కుట్టే సూదిలో గుండీల దారం ఎక్కించి పొడిచాను. నాకు తెలిసిన కుట్టు ఒకటే. పైన, మధ్యన, కింద, గుండీ కుట్టినట్టే అడ్డంగా నిలువుగా లాగి ముడేశాను.

కోకిల పుస్తకం ఎత్తి చూసింది. "బాగుంది అత్తా. గుండీలు యాడ?"

ఆయన పోయాక మొదటిసారి నవ్వాను.

నా వైపు నుంచి తెరిచాను. ఆ పేజీకి సుద్ద గీత లేదు. తిప్పి చూస్తే రెండో వైపూ లేదు. ఆయన కుట్టిన అన్ని పుస్తకాల్లో అడ్డగీత లేని ఆకు అదొక్కటే. పడవ వచ్చింది. తండ్రి మెట్ల కింద నిలబడి టోపీ తీశాడు. పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని అరుస్తోంది. పైకే చదివాను, ఎప్పటిలాగా తెలుగులో, మిషన్ వైపు తిరిగి. "ఇంత సేపు యాడికి పోయినావు నువ్వు?"

తర్వాతి మాట చదవలేకపోయాను. కోకిల నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, తిరగేసి, తన ముసలమ్మను చూసింది. గోలు ఆపిందట. దంతాలు ఊడిపోయాయట.

పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. అట్ట వేయకుండా పోయాడు కాబట్టి ఏది ముందో తెలియదు. ఎప్పుడు తీసినా మొదట ఆ ముసల్దే వస్తుంది. తిట్టుకుంటూ తిప్పుతాను.