కింద ఫొటో ఉన్నాయన

సీతారామాంజనేయులు మాస్టారికి ఒక్కటే పిచ్చి. ఏ పోస్టరు తయారైనా దాని అడుగున, గుండ్రటి చట్రంలో, రెండు చేతులూ జోడించిన తన ఫొటో ఉండి తీరాలి.

ఆయన నందివెలుగు దగ్గర ఒక చిన్న బడిలో నాలుగో తరగతికి పాఠాలు చెబుతారు. బాపట్లలో శిక్షణకు వెళ్లి ట్యాబులో పోస్టర్లు చేయడం నేర్చుకొచ్చారు. అంతే, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. పాఠం అయితే పోస్టరు, పరీక్ష పెడితే కాగితం బదులు పిల్లలు ట్యాబులో చేసే పోస్టరు. పిల్లలకు తెలిసిన పోస్టరంటే తెనాలిలో రోడ్డు పక్కన కట్టే ఫ్లెక్సీయే కాబట్టి, జీర్ణాశయం ‘మన ప్రియతమ నాయకుడు’ అయిపోయింది. చిన్నపేగూ పెద్దపేగూ అభిమాన సంఘంలో చేరాయి. వాటి కింద మాస్టారు నమస్కారం పెడుతూ ఉంటారు.

ఇంట్లోనూ అదే వరస. ‘‘ఉప్పు తెమ్మంటే, మరిచిపోయినందుకు చింతిస్తున్నానంటూ పోస్టరు పంపారమ్మా! కింద నమస్కారం పెట్టిన ఫొటో. ఇంక ఎలా తిట్టేది?’’ అని భార్య రమణి వాపోయింది.

ఆవిడ వాపోయింది లిడియా టీచరు దగ్గర. రేపల్లె నుంచి రోజూ రైల్లో వచ్చి మూడో తరగతికి చెప్పే లిడియాకు పరీక్షంటే తెల్లకాగితమే.

‘‘ఎలక్షన్లో నిలబడతారేంటండీ మాస్టారూ? ప్రతిదాని మీదా మీ మొహమేంటి?’’ అని లిడియా ఓ రోజు వెక్కిరించింది.

‘‘అందగాణ్ణి కదమ్మా!’’ అని ఆయన బట్టతల నిమురుకున్నారు.

లిడియా అసలు బెంగ కీర్తన గురించి. నిరుడు తన తరగతిలో చదివి నాలుగులోకి వెళ్లిన పిల్ల. అడిగితే అన్నీ తెలుసు. కాగితం ముందు పెడితే మాత్రం తప్పు రాస్తానేమోనని బిగుసుకుపోయి, ఖాళీగా ఇచ్చేస్తుంది. పోస్టరైతే మాత్రం జంకకుండా చేసేస్తోంది. ఇప్పుడు పోస్టర్లను పరీక్షగా ఒప్పుకోవాలో వద్దో తేల్చడానికి జనార్దనరావు అనే అధికారి వస్తున్నారు. ఆయన కాదన్నారంటే కీర్తనకు ఏమీ రాదని రాసేసినట్టే.

వచ్చీ రాగానే ఆయన చేతికి చిక్కింది కీర్తన పోస్టరే. నీటి చక్రం. సముద్రపు నీటికి ‘ఆకాశయాత్ర శుభాకాంక్షలు’, మబ్బుల మెళ్లో పూలదండలు, అడుగున మాస్టారు. వాన బాణం మాత్రం మబ్బులోంచి పైకి పోతోంది.

‘‘వాన పైకి కురుస్తుందేంటి? ఈ తప్పెవరిది?’’

ఇక పిల్ల నోరు పెగలదు అనుకుంది లిడియా. కీర్తన తాపీగా ఫొటో మీద వేలు పెట్టింది.

‘‘మాస్టారిదండి.’’

తరగతి ఘొల్లుమంది. మాస్టారు లేచి, అచ్చం ఫొటోలో లాగే చేతులు జోడించారు. ‘‘నాదేనండి.’’

జనార్దనరావుకు నవ్వాగలేదు. ‘‘మరి నువ్వు సరిచేస్తావా అమ్మా?’’

‘‘చేస్తానండి. వాన కిందకి పడుద్దండి. కొంత భూమిలోకి ఇంకిపోద్ది, కొంత కాలవల్లో పడి సముద్రంలోకి పోద్ది. ఎండకి ఆవిరై మళ్లీ మబ్బవుద్ది.’’ చెబుతూనే ట్యాబు మీద వేలితో బాణాన్ని కిందకు తిప్పేసింది.

‘‘ఇది పరీక్ష కాకపోతే ఇంకేంటి?’’ అని ఆయన అక్కడికక్కడే ఒప్పేసుకున్నారు.

ఆయన వెళ్లాక లిడియా అడిగింది. ‘‘ఆ ఫొటో ఇందుకా మాస్టారూ?’’

‘‘ఫ్లెక్సీలో తప్పుంటే జనం ఎవర్ని తిడతారమ్మా? కింద ఫొటో ఉన్నవాణ్ణేగా! పిల్లలకి మొదటిరోజే చెప్పా, ఒప్పయితే మీది, తప్పయితే నాది అని.’’

ఇన్నాళ్లూ ఆయన్ని వెక్కిరించినందుకు లిడియాకు సిగ్గేసింది. ఆ బట్టతల మీద ఎక్కడలేని అభిమానమూ పుట్టుకొచ్చింది. ‘‘మా మూడో తరగతికీ నేర్పండి. కింద నా ఫొటో పెడదాం’’ అంది.

సాయంత్రం రేపల్లె రైల్లో కూర్చోగానే ఫోన్ మోగింది. పోస్టరు. ‘తప్పులు మోసే సంఘంలోకి లిడియా టీచరుగారికి స్వాగతం!’ మధ్యలో ఆమె ఫొటో. బడి గుర్తింపుకార్డు మీద, సగం కళ్లు మూసుకుని పడిన ఆ పాడు ఫొటో.

వెంటనే ఫోన్ చేసింది. ‘‘ఏంటండీ మాస్టారూ, లోకంలో ఇంకో ఫొటోనే దొరకలేదా?’’

‘‘తప్పు నాదేనమ్మా. కింద చూసుకోండి.’’

చూసింది. చేతులు జోడించుకుని, అక్కడే ఉన్నారు.