గోడమీది రెండో మనిషి

మా గాజువాక ఇంట్లో తెల్లగోడ ఒక్కటే. పోయిన మా ఆయన ఫోటో ఉన్నదీ ఆ గోడకే. ఈ సంగతి ముందు చెప్పకపోతే తక్కినది అర్థం కాదు.

డిగ్రీ అయ్యాక మనవరాలు ద్వారకా నగర్‌లో ఓ కోచింగులో చేరింది. ఏం నేర్పుతారే అంటే సాఫ్ట్ స్కిల్సంది. ఇక ముందు ఏ ఉద్యోగానికైనా అవే కావాలట. కూర్చోవడం, నవ్వడం, ఎదుటివాళ్ళతో మాట్లాడడం.

"అయితే ఇన్నాళ్ళూ నువ్వు మాటాడకుండానే పెరిగావేటే?" అన్నాను.

నవ్వలేదు. రెండుసార్లు ఉద్యోగం చేతిదాకా వచ్చి పోయింది దానికి. రెండుసార్లూ ఒకే కారణం చెప్పారట, కళ్ళెత్తి చూడదని. ఈసారీ పోతే ఇంక ప్రయత్నించనంది.

ఆ మాట విని, తోముతున్న గిన్నెనే తోముతూ ఉండిపోయాను. కళ్ళు దించడం నేర్పింది నేను. చిన్నప్పుడు అది నా మొహంలోకి తేరిపార చూస్తే కొట్టడానికి గరిటె తిరగేసేదాన్ని.

ఈసారి పరీక్ష మనుషులు కాదు, ఫోనే పెడుతుందట. అందులోంచి ఓ ఆడగొంతు అడుగుతుంది, కెమెరా చూస్తూ ఉంటుంది. మనసులో ఒకటి, రెండు లెక్కపెట్టుకుని జవాబు చెప్పాలి. వెనక తెల్లగోడ ఉండాలి, గదిలో ఒక్కరే ఉండాలి. రెండో మనిషి కనబడితే హెచ్చరిక. మూడు హెచ్చరికలైతే పరీక్ష ఆగిపోతుంది.

రోజూ మధ్యాహ్నం స్టూలు మీద ఫోను బియ్యం డబ్బాకి ఆనించి, తెల్లగోడకి వీపు పెట్టి, కోచింగువాళ్ళు అందులో వేసిచ్చిన అలాంటి పరీక్షతోనే సాధన చేసేది. నేను వంటింట్లో ఉండేదాన్ని. ఆ గొంతు నాకు మొదటిరోజే నచ్చలేదు. తెలుగే, మర్యాదగానే ఉంటుంది. కానీ ఎక్కడా ఊపిరి తీసుకోదు. ఎంత పొడుగు మాటైనా ఒక్క బిగిన అనేస్తుంది. నాలుగు రోజులకి మనవరాలికీ అదే పట్టుకుంది. "మామ్మా, భోజనం సిద్ధంగా ఉందా?" అని వెనక నుంచి వినబడితే, ఎవరో వచ్చారనుకుని చెంబు జారవిడిచాను.

"ఏటే ఆ మాట? కూడెట్టవే అనలేవా?"

"అలవాటవ్వాలి కదేటి," అంది నవ్వుతూ. ఆ నవ్వూ కోచింగువాళ్ళు నేర్పినదే.

అయిదోరోజు ఆ గొంతు అంది: "గదిలో మరొకరు ఉన్నారు. దయచేసి ఒంటరిగా కూర్చోండి."

నేననుకుని వీధి మెట్లమీదికి వెళ్ళి తలుపు మూశాను. లోపల మళ్ళీ అదే మాట.

"మామ్మా, నువ్వేనా?"

"నాను మెట్లమీదున్నానే."

"మరెవులే?" అంది. అది మాత్రం దాని సొంత గొంతే.

లోపలికి వెళ్ళాను. వెనక్కి తిరగడానికి భయపడి పిల్ల ఫోన్లోకే చూస్తోంది. తెరమీద దాని మొహం చుట్టూ పచ్చగీత. భుజం వెనక ఇంకో పచ్చగీత. ఆ గీతలో ఆయన.

ఆయన పోర్టులో క్రేను కింద నిలబడి చేతులతో సైగలు చేసేవాడు. "పైనున్నోడి కళ్ళలోకి సూడకపోతే ఆడు గొలుసు కదపడు. సూపు తప్పితే బరువు గాల్లోనే ఆగిపోద్ది" అనేవాడు. ఫోటోకీ అలాగే చూశాడు, రెప్ప వెయ్యకుండా. పోయి ఏళ్ళయినా ఆ యంత్రం ఆయన్ని మనిషి కిందే లెక్కేసింది.

"మీ తాత పాసైపోయాడే," అన్నాను. ఇద్దరికీ నవ్వు రాలేదు.

"నువ్వోసారి కూకో, ఎలుగు సరిపోద్దో లేదో సూత్తాను," అని నన్ను కూర్చోబెట్టింది. పగలు లైటు నేను వెయ్యనివ్వను. ఫోను నాకోసం చాలాసేపు వెతికింది. "ముఖం కనిపించడం లేదు," అంది. నా వెనక ఆయన చుట్టూ గీత అలాగే ఉంది. ఉన్నదాన్ని లేదంది, లేనివాణ్ణి ఉన్నాడంది.

"నువ్వు కిందకి సూత్తన్నావే మామ్మా. తలెత్తు."

ఎత్తలేకపోయాను. పొయ్యిమీద పాలున్నాయని లేచిపోయాను. పొయ్యిమీద ఏమీ లేదు.

ఆ మర్నాటి నుంచి దాని ఎదురుగా నేనే కూర్చున్నాను. "క్రేను మీదున్నది నానే అనుకో. నా కళ్ళలోకి సూడు. సూపు తిప్పితే బరువాగిపోద్ది," అన్నాను. మొదట్లో జారిపోయేది. రానురాను నిలబెట్టింది. ఓ రోజు ఎంతకీ రెప్ప వెయ్యలేదు. ఆ చూపు దానిది కాదు, ఫోటోలోది. నేనే ముందు తల తిప్పుకున్నాను.

పరీక్షనాడు గోడమీంచి ఫోటో తీసి, పాతచీరలో చుట్టి, పెట్టెలో బోర్లా పెట్టాను. గోడమీద దుమ్ము పట్టని చోటు ఫోటో అంతే తెల్లగా మిగిలింది. తలుపు మూసి మెట్లమీద కూర్చున్నాను.

"గదిలో మరొకరు ఉన్నారు."

కాసేపటికి మళ్ళీ అదే. రెండయ్యాయి. ఫోటో తీసింది నేనే కదా, ఇంకెవరున్నారు?

లోపల పిల్ల రెండు లెక్కపెట్టుకుంటోందని నాకు తెలుసు. తరవాత వినబడింది:

"ఎవులూ లేరండి. నా ఎనక మా తాత ఫోటో ఉండేది. తీసేశాం. ఇప్పుడు గోడే ఉంది. నానొక్కదాన్నే ఉన్నాను."

మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ, మా మాటలోనే చెప్పింది. తరవాత ఆ గొంతు ఇంకో ప్రశ్న అడిగింది. మూడో హెచ్చరిక రాలేదు.

వారం తిరక్కుండా, ఈసారి మనుషులే ఫోను చేసి ఉద్యోగానికి రమ్మన్నారు.

"ఆరోజు అది నీ ఎనక ఏటి సూసిందే?" అని అడిగాను.

"నాకేటి తెలుసు? నాను ఎనక్కి తిరగలేదు. తిరిగితే సూపు తప్పిపోద్ది కదా," అంది, సూటిగా నా కళ్ళలోకి చూస్తూ. గరిటె నా చేతిలోనే ఉంది. తిరగెయ్యలేదు.

ఫోటో మళ్ళీ గోడకి తగిలించాను. మనవరాలు కొత్త ఫోను కొనుక్కుని, పాతది ఇంట్లో వదిలేసింది. ఆ సాధన పరీక్ష ఇంకా అందులోనే ఉంది. ఓ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాన్ని బియ్యం డబ్బాకి ఆనించి, ఫోటోకి వీపు పెట్టి కూర్చున్నాను. పట్టపగలే లైటు వేశాను. ఒకటి, రెండు లెక్కపెట్టి తలెత్తాను.

"గదిలో మరొకరు ఉన్నారు," అంది.

"ఉన్నారమ్మా," అన్నాను.