టోపీ మోకాలి మీదికి వస్తే

ఏంబ్రోజ్ ఫాసెట్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడంటే ఏదో ఒక మాటకి పుట్టుపూర్వోత్తరాలు చెప్పబోతున్నాడని అర్థం. ఆ టోపీ కదలగానే నోరా సగ్డెన్ పబ్బులో సగంమంది గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో ఖాళీ చేసి లేచేవారు. మిగతా సగం చెవుడు నటించేవారు.

ఇంగ్లీషు నిఘంటువు ఆఫీసులో ఉన్నన్నాళ్లూ ఆయన చేతికి ఒక్కటే క్రియ ఇచ్చారట: టేక్. మందు, స్నానం, రైలు, సెలవు, పెళ్లాం, ఇంగ్లీషువాడు ఏది పుచ్చుకున్నా ఆ ఒక్క మాటతోనే. దాన్నే తవ్వుతూ ముసలివాడై, రిటైరై, యార్క్‌షైర్ కొండల్లోని ఈ ఊరికి వచ్చిపడ్డాడు. ఊరు ఏ జన్మలో ఏం పాపం చేసిందో.

ఒకసారి డాక్టరు తలనొప్పి మాత్ర ఇచ్చి పుచ్చుకోమన్నాడు. ఫాసెట్ టోపీ తీశాడు. చివరికి ఆ మాత్ర డాక్టరే మింగాడని చెప్పుకుంటారు. విసిగించాడన్నవాళ్లు ఊరినిండా ఉన్నారు గాని, తప్పు చెప్పాడన్నవాడు ఒక్కడూ లేడు.

నోరాకి మాత్రం ఆయన్ని చూస్తే నవ్వు రాదు. ఆమె కొడుకు విల్ఫ్‌కి నత్తి. వాన వచ్చేలా ఉందని చెప్పాలన్నా మొదటి అక్షరం దగ్గర బండి ఆగిపోతుంది. మెడ నరాలు లేస్తాయి. పబ్బంతా అతని నోటికేసి చూస్తుంది. సరిగ్గా అప్పుడే ఈ పెద్దమనిషి టోపీ తీస్తాడు. బిడ్డ నోట్లో మాట లాక్కునేవాడి మీద ఏ తల్లికి గౌరవం ఉంటుంది?

ఇప్పుడు విల్ఫ్‌కి పెళ్లి. ఐరిస్‌ని చేపడుతున్నానని చర్చిలో అందరూ వినేలా చెప్పాలి. చెప్పకపోతే పెళ్లి కాదు. ఆ చేపట్టడమూ ఇంగ్లీషులో ఆ పాడు టేకే. ట అక్షరం విల్ఫ్‌కి గొంతులో ఎముక.

ముందు రోజే నోరా ఫాసెట్‌ని నిలదీసింది.

"రేపు మీ టోపీ కదిలిందో, నా పబ్బులో మీకు ఇక చుక్క పడదు."

"చర్చిలో టోపీ నెత్తిన ఉండదు కదమ్మా."

"నోరుంటుందిగా."

ఆయన టోపీ నెత్తిన గట్టిగా నొక్కుకుని బయటికి నడిచాడు.

చర్చిలో పాస్టరు గారు ఒక్కొక్క ముక్కా అందిస్తున్నారు. విల్ఫ్ 'నేను' అన్నాడు. తన పేరు చెప్పాడు. టేక్ దగ్గర ఆగిపోయాడు. పాస్టరు గారు మళ్లీ అందించారు. అది ఇంకా చెడింది. ముందు వరసలో ఐరిస్ మేనత్త జాలిగా తలాడించింది. ఆ జాలి చూసి విల్ఫ్ మొహం కందగడ్డయింది. తలుపుకేసి చూశాడు. పారిపోతాడనుకుంది నోరా.

వెనక బెంచీ కిర్రుమంది. ఫాసెట్ లేచాడు. చేతిలో ఉన్న టోపీ నెత్తిన పెట్టుకున్నాడు, తీయడానికి.

"మన్నించాలి. ఈ టేక్ మనది కాదు. వెయ్యేళ్ల కిందట పడవలెక్కి దండెత్తొచ్చిన ఉత్తరదేశాలవాళ్లది. మొదట్లో దానర్థం చేత్తో తాకడం. మన సొంత మాట నిమన్. ఇది వచ్చిన మర్నాడే పాపం అది చచ్చింది."

"కూర్చోవయ్యా, మమ్మల్నీ చంపకుండా," అన్నారెవరో.

చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. మేనత్త తిరిగింది. పాస్టరు గారూ చేతిలో పుస్తకం ఊపుతూ అటే తిరిగారు. ఫాసెట్‌ని కళ్లతోనే కాల్చేద్దామని తిరగబోయిన నోరా, ఎందుకో కొడుకువైపు చూసింది. ఐరిస్ తప్ప అతన్ని ఎవరూ చూడటంలేదు. విల్ఫ్ ఊపిరి తీసుకున్నాడు. ఐరిస్ చెయ్యి తాకాడు. చెప్పాల్సిందంతా మెల్లగా చెప్పేశాడు.

"ఏమన్నావు నాయనా?" అన్నారు పాస్టరు గారు ఇటు తిరిగి.

"చెప్పేశాడండీ. విన్నాను," అంది ఐరిస్.

"నేనూ విన్నాను," అంది నోరా.

విందులో ఎవరూ ఫాసెట్ పక్కన కూర్చోలేదు. నోరా బీరు తెచ్చి ఆయన ముందు పెట్టింది. పబ్బులో విల్ఫ్ తడబడనప్పుడు ఆ టోపీ ఏనాడైనా కదిలిందా అని ఆలోచించింది. ఒక్కసారీ గుర్తురాలేదు.

"కావాలనే చేశారు కదూ?"

"నిమన్ సంగతా?" అన్నాడాయన దిగులుగా. "తొందరపడ్డానమ్మా."

మర్నాడు, ఊరింకా విందు మత్తులో ఉండగానే, ఫాసెట్ పెళ్లికి వచ్చినవాళ్ల ఇంటింటి తలుపూ తట్టాడు. గడప మీద కాలు పెట్టి, టోపీ తీసి, ఆ మోకాలి మీద ఉంచి, నిన్న తప్పు చెప్పానన్నాడు. నిమన్ మర్నాడే చావలేదని, దొంగతనానికి మారుమాటగా దొంగల నోట్లో వందల ఏళ్లు బతికిందని సవరించి, క్షమించమని అడిగి, పక్కింటికి నడిచాడు.