పధ్నాలుగు వంకర చారలు

1961వ సంవత్సరం. హనుమకొండ చౌరస్తాకు నాలుగు అడుగుల దూరంలో మా కళ్లద్దాల షాపు ఉండేది. ముందు గదిలో అక్షరాల చార్టు, ఒక కుర్చీ, అద్దాలు మార్చి మార్చి చూపించే ట్రయల్ ఫ్రేమ్. తెర వెనక నా అసలు రాజ్యం: సానపెట్టే మోటారు, ఇసుకలాంటి ఎమరీ పొడి డబ్బాలు, ఇనుప టూల్స్. టూల్ అంటే ఒక నిర్ణీతమైన వంపుతో పోతపోసిన ఇనుప దిమ్మె. గాజు బిళ్లను దాని మీద అరగదీస్తే ఆ వంపే గాజుకు వస్తుంది. ఊళ్లో మిగతా షాపులవాళ్లు తయారైన అద్దాలు తెప్పించి, అంచులు కోసి ఫ్రేములో బిగించేవారు. గాజుకు వంపు పెట్టేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ణి.

లెన్స్ డిజైన్ నేర్చుకోవాలంటే ఏ పుస్తకాలు చదవాలని ఈ పనిమీద ఇష్టం ఉన్నవాళ్లు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. వాళ్లకు ముందు సాంబయ్య కథ చెబుతాను. పుస్తకాల సంగతి అందులోనే ఉంది.

నాకు పుస్తకాల పిచ్చి పట్టించింది కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రంగాచారి గారు. ఆయన ముక్కు మీది అద్దాలు నేను చేసినవే. ఒకరోజు నా పని చూసి ముచ్చటపడి, తన దగ్గరున్న పుస్తకాలు ఒక్కొక్కటే ఇస్తానన్నారు. మొదట ఇచ్చింది వర్క్‌షాపు మనుషుల కోసం రాసిన పల్చటి పుస్తకం. గాజు ఎందుకు పగులుతుంది, పాలిష్ ఎందుకు మసకబారుతుంది, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. రెండు వారాల్లో నమిలి మింగేశాను. తరవాతది కాలేజీ పిల్లలు చదివే ఆప్టిక్స్ పుస్తకం. వెలుగు గాజులోకి దిగేటప్పుడు ఎంత వంగుతుందో లెక్క కట్టడం దాంతోనే వచ్చింది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా బొమ్మలు, సమీకరణాలు నా భాషే మాట్లాడేవి.

మూడోసారి వెళ్లినప్పుడు ఆయన గోధుమరంగు అట్ట ఉన్న చిన్న పుస్తకం చేతిలో పెట్టారు. కళ్లద్దాల గురించి రాసింది. నా చూపు మాత్రం బీరువా పై అరలో ఉన్న లావుపాటి పుస్తకం మీద ఉంది. టెలిస్కోపులకు, కెమెరాలకు లెన్సులు డిజైన్ చేసే పద్ధతులన్నీ అందులో ఉన్నాయని విన్నాను.

"అది కూడా ఇప్పించండి సార్."

"ఇస్తాను దేవదానం. ముందు ఇది చదువు."

"కళ్లద్దాల గురించి నాకు తెలియనిది ఏముంటది సార్? పదేండ్ల సంది చేస్తాన."

ఆయన నవ్వి రెండూ ఇచ్చారు. గోధుమరంగు పుస్తకం మా షాపులో ఎమరీ డబ్బాల మధ్య చేరింది. లావు పుస్తకం నా బల్లమీద తెరుచుకుంది.

ఆ పుస్తకం నేర్పింది రే ట్రేసింగ్. ఒక్క కిరణాన్ని పట్టుకుని, అది గాజు మొదటి ముఖంలో ఎంత వంగింది, రెండో ముఖంలో ఎంత వంగింది, చివరికి ఎక్కడ పడింది అని ఏడంకెల లాగరిథమ్ పట్టికలతో లెక్కగట్టడం. ఒక్క కిరణానికే ఫుల్‌స్కేప్ కాగితం నిండిపోయేది. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో కూర్చుని దస్తాలకు దస్తాలు ఖర్చుపెట్టాను. అందులోనే బెండింగ్ అనే మాట తెలిసింది. ఒకే పవరున్న అద్దాన్ని రెండువైపులా ఉబ్బెత్తుగా చేయవచ్చు, ఒకవైపు చదునుగా చేయవచ్చు, గిన్నెలా లోపలికి వంచనూ వచ్చు. పవర్ మారదు గాని చూపు నాణ్యం మారుతుంది. దీన్ని ఎవరి కంటికైనా పెట్టి చూడాలని నా చేతులు దురద పెడుతున్న సమయంలో సాంబయ్య వచ్చాడు.

సాంబయ్య కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. యాభై అయిదేళ్లుంటాయి. రెండు కళ్లకూ మోతిబిందు, అంటే శుక్లాల ఆపరేషనై మూడు నెలలు దాటింది. మోతిబిందు తీసిన కంట్లో సహజమైన లెన్స్ ఉండదు, దాని పనంతా కళ్లద్దమే చేయాలి. అందుకే ఆ అద్దాలు భూతద్దాల్లా లావుగా ఉంటాయి. దూరానికి దవాఖానలో ఇచ్చిన జత ఉంది, మగ్గం మీదికి వేరే జత కావాలి.

వెంట వచ్చిన భార్య ఈరమ్మ విషయం దాచలేదు. "మగ్గం దిగితే ఇగ నూలు కండెలు సుట్టుడే సారూ. ముప్పై ఏండ్లు నేసినోడు నా పక్కన కూసోని కండెలు సుడితే పానం ఒప్పుతదా?"

"ఫికర్ చెయ్యకు అమ్మా. ఈ జిల్లాల ఎవరూ చెయ్యని అద్దం చేసి ఇస్త," అన్నాను.

అన్న మాట నిలబెట్టుకున్నాను కూడా. అలాంటి అద్దం నిజంగానే ఎవరూ చేయలేదు. లావు పుస్తకం ప్రకారం లెక్కగట్టి, ముందువైపు బాగా ఉబ్బెత్తుగా, కంటివైపు దాదాపు చదునుగా సానపట్టాను. చార్టులో చివరి వరుస సాంబయ్య గడగడా చదివేశాడు. ఈరమ్మ నాకు రెండు చేతులూ జోడించింది. నేను కాలరెగరేశాను.

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? అప్పుడే మా చర్చికి కొత్త నేల వేశారు. గుమ్మం నుంచి బలిపీఠం దాకా నడవలో పరచడానికి రెండున్నర అడుగుల వెడల్పున పొడుగాటి జంపఖానా కావాలని పాస్టర్ గారు వెతుకుతుంటే, సాంబయ్యతో నేయించమని సిఫారసు చేశాను. నీలం మీద అడ్డంగా ఎర్ర చారలు. సాంబయ్యకు మగ్గమిచ్చి పని చేయించుకునే ఆసామి వీరేశం ఒప్పుకున్నాడు గాని ఒక మాటన్నాడు: "దేవదానం సారూ, కండ్లు పోయినోనికి మగ్గం ఇస్తాన. ఇది కరాబయితే ఆ మగ్గం వేరేటోనికి పోతది. ఎదురుసూసేటోళ్లు ముగ్గురున్నరు."

పది రోజుల తరవాత వీరేశం నుంచి కబురు వచ్చింది. సైకిలెక్కి కొత్తవాడ వెళ్లాను. మగ్గం మీది చుట్ట విప్పి, నేసినంత మేర పరిచిన జంపఖానా చుట్టూ నలుగురు మనుషులు నిలబడి ఉన్నారు. అడ్డంగా ఉండాల్సిన చారలన్నీ నడుమ దిగజారి, రెండు చివర్లా పైకి లేచి ఉన్నాయి. లెక్కపెట్టాను, పధ్నాలుగు.

"ఇది జంపఖాననా, ఉయ్యాలనా జర సెప్పు," అన్నాడు వీరేశం.

సాంబయ్య తలవంచుకోలేదు. అద్దాల్లోంచి చారలను మళ్లీ మళ్లీ చూశాడు. "నా కండ్లకు సక్కగనే ఉన్నది. మీ అందరి కండ్లకు వంకరున్నది. ఎవల కండ్లు నమ్మాలె?" ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. ముప్పై ఏళ్ల చేతిపనిని తనే నమ్మలేకపోతున్న మనిషి భయం.

ఈరమ్మ మాత్రం నా వైపే చూసింది. "మోతిబిందు ముసిరి మసక మసకగ కనవడ్డప్పుడు గూడ సక్కగ నేసిండు సారూ. ఈ అద్దాలు వెట్టినకాన్నుంచే గిట్లయితాంది."

నాకు చురుక్కుమంది. అద్దం తప్పయ్యే అవకాశమే లేదని నాలుగు దస్తాల కాగితం చెబుతోంది. అయినా, "కాకా, జర మగ్గం మీద కూసో. ఎట్ల నేస్తవో చూస్త," అన్నాను.

జంపఖానాలో అడ్డ నూలును పంజాతో కొట్టి దిగ్గొడతారు. పంజా అంటే ఇనుప పళ్లున్న బరువైన దువ్వెన. మగ్గం అంతటినీ ఒకేసారి కొట్టే పలక ఇందులో ఉండదు. నేసేవాడు ఈ చివర నుంచి ఆ చివరకు కొంచెం కొంచెంగా కొట్టుకుంటూ పోతాడు. ఎక్కడ ఎంత గట్టిగా కొట్టాలో చెప్పేది కన్నే. సాంబయ్య కొడుతుంటే గమనించాను. తల రాయిలా కదలలేదు. కళ్లు మాత్రం పంజా వెంట ఆ కొస నుంచి ఈ కొసకు పరుగెత్తుతున్నాయి.

"తల తిప్పవా కాకా?"

"తల తిప్పితే సెయ్యి తప్పుతది సారూ. సూపు పోవాలె, తల పోవద్దు."

ఒక తెల్ల దారం అడిగి తీసుకున్నాను. మగ్గానికి అడ్డంగా, నేత పక్కనే, సితారు తీగలా బిగించి కట్టాను. "ఈ దారం ఎట్లున్నది?"

సాంబయ్య చూసి నిట్టూర్చాడు. "ఇది గూడ వంకరనే ఉన్నది. నడుమ ముందుకు పోయింది, కొసలు నా దిక్కు వంగినయి."

బిగించి కట్టిన దారం వంగదు. వంచుతున్నది నా అద్దం. దాని నడిబొడ్డులోంచి చూస్తే అంతా చక్కగానే ఉంటుంది. చార్టు చదివినప్పుడు అతను చూసింది అక్కడి నుంచే. మగ్గం మీద చూపు కిందికి దిగి పక్కలకు పరుగెత్తుతుంది, అంటే అద్దం అంచుల్లోంచి చూస్తుంది. అక్కడ తిన్నని గీత వంకరగా కనిపిస్తుంది. దీన్ని మా పనిలో డిస్టార్షన్ అంటారు. పాపం సాంబయ్య ఆ వంకరను సరిచేయడానికి నడుమ రెండు దెబ్బలు ఎక్కువ వేశాడు. కంటికి తిన్నగా కనిపించేదాకా కొట్టి, బట్టను వంకర చేశాడు.

అందరి ముందే చెప్పాను. "వీరేశం, తప్పు కాకది కాదు, నాది. ఆయన చెయ్యి సక్కగనే ఉన్నది. ఎనిమిది రోజులు మగ్గం ఆపు. వేరే అద్దం చేసి ఇస్త."

"నువ్వు మంచిగ చేసిన అన్నది ఇదే గద సారూ?" అన్నాడు వీరేశం. అయినా ఎనిమిది రోజులకు ఒప్పుకున్నాడు.

షాపుకు వచ్చి, ఎమరీ డబ్బాల మధ్య నుంచి గోధుమరంగు పుస్తకం తీసి దుమ్ము దులిపాను. రెండో అధ్యాయం మొదట్లోనే బొమ్మ. అద్దం, దాని వెనక కన్ను, కంటి లోపల ఒక చుక్క. కన్ను ఆ చుక్క చుట్టూ తిరుగుతుందని, కళ్లద్దం లెక్కకట్టే ప్రతి కిరణమూ ఆ చుక్కవైపు నడవాలని రాసి ఉంది. టెలిస్కోపులో గొట్టం కదులుతుంది గాని లోపల ఏదీ తిరగదు. నేను చదివిన లావు పుస్తకం అక్షరం అక్షరం నిజమే చెప్పింది. నేనే సాంబయ్య ముక్కు మీద రెండు టెలిస్కోపులు కూర్చోబెట్టాను.

ఆ సాయంత్రం రంగాచారి గారి దగ్గరకు వెళ్లి జరిగినదంతా చెప్పాను. ఆయన కోప్పడి ఉంటే హాయిగా ఉండేది. "అడిగి తీసుకున్న పుస్తకం చదివావు, ఇచ్చిన పుస్తకం వదిలేశావు," అని మాత్రం అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

మళ్లీ లాగరిథమ్ పట్టికలు. ఈసారి ప్రతి కిరణాన్నీ ఆ చుక్క నుంచి వెనక్కి బయల్దేరదీశాను. కంటివైపు లోతుగా, గిన్నె లోపలిభాగంలా వంచాలని లెక్క తేలింది. నా దగ్గరున్న టూల్స్‌లో అన్నిటికంటే లోతైనది ఎంచుకున్నాను. అద్దం చిన్నగా, గుండ్రంగా కోశాను, బరువు తగ్గుతుంది, కంటికి దగ్గరగా కూర్చుంటుంది. అద్దం నడిబొడ్డు మగ్గం మీదికి చూపు దిగే చోటికి వచ్చేలా కిందికి దించాను. ఒక బిళ్ల పాలిష్‌లో పగిలింది, ఇంకొకటి చేశాను. ఏడో రోజున జత తయారైంది.

మగ్గం మీద కూర్చుని సాంబయ్య అద్దాలు పెట్టుకున్నాడు. నా దారం ఇంకా అక్కడే కట్టి ఉంది. ఈ కొస నుంచి ఆ కొసకు చూపు రెండుసార్లు నడిపించాడు.

"నడుమంత సక్కగున్నది. కొసలకు జరంత వంగుతాంది," అన్నాడు.

అంత పవర్ ఉన్న గాజులో ఆ కొంచెం మిగలక తప్పదు, అంతకంటే వంచే టూలు నా దగ్గర లేదు. ఆ మాటే చెప్పబోతుంటే సాంబయ్య చెయ్యెత్తి ఆపాడు.

"నువ్వు కట్టిన దారం ఇప్పకు బిడ్డా. నేత గూడ వంగుతాంది, దారం గూడ వంగుతాంది. రెండూ ఒక్కతీరుగ వంగితే రెండూ సక్కగున్నట్టే గద? మొన్నటి అద్దాలల్ల దారం ఈదులాడింది, సూపు ఆగకపోయేది. ఇప్పుడు నిలవడ్డది. నేను సూసుకుంట."

పంజా అందుకున్నాడు. సాయంత్రానికి రెండు చారలు పడ్డాయి. వీరేశం కర్ర స్కేలు పెట్టి చూశాడు, మళ్లీ తిప్పి పెట్టి చూశాడు. "సాంబన్నా, రేపు పొద్దుగాల తొందరగ రా," అని వెళ్లిపోయాడు. ఈరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను సైకిల్ చైను సరిచేస్తున్నట్టు వంగి నా కళ్లు తుడుచుకున్నాను.

మొదటి పధ్నాలుగు చారలూ విప్పి మళ్లీ నేస్తానని సాంబయ్య పట్టుబట్టాడు. క్రిస్మస్ దగ్గరికొచ్చింది, అంత సమయం లేదు. "నా పేరు పోతది బిడ్డా," అన్నాడు. పాస్టర్ గారితో మాట్లాడి ఆ వంకర కొసను గుమ్మం వైపు పరిపించాను. క్రిస్మస్ ఆరాధన ముగిశాక లేచి నిలబడి, ఆ చారల వంకర నేసినవాడిది కాదు, అద్దం చేసిన నాదని సంఘమంతటికీ చెప్పాను. చివరి బెంచీ మీద కొత్త పంచె కట్టుకుని సాంబయ్య, పక్కన ఈరమ్మ కూర్చుని ఉన్నారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. సాంబయ్య తల తిప్పలేదు, కళ్లు మాత్రం అందరి మీదుగా నడిపించాడు.

1967లో ఆ జంపఖానా అరిగిపోయింది. కొత్తది కూడా సాంబయ్యే నేశాడు, మొదటి చార నుంచి చివరి చార దాకా తిన్నగా. పాతదాంట్లోంచి ఆ పధ్నాలుగు చారల ముక్కను నేను అడిగి తెచ్చుకున్నాను. షాపులో గిరాకీలు కూర్చునే కుర్చీ కింద పరిచాను.

పుస్తకాల కోసం వచ్చేవాళ్లను ఆ కుర్చీలోనే కూర్చోబెడతాను. చేతులకు పల్చటి వర్క్‌షాపు పుస్తకం, లెక్కలకు కాలేజీ ఆప్టిక్స్, అద్దం వెనక ఎవరున్నారో తెలుసుకోవడానికి కళ్లద్దాల మీది చిన్న పుస్తకం, ఆ తరవాతే లావుపాటి డిజైన్ పుస్తకం అని వరుసగా కాగితం మీద రాస్తాను. టెలిస్కోపులు చేయాలనుకునే కుర్రవాడికి మాత్రం మూడోది మార్చి, ఆ పనికి సంబంధించిన చిన్న పుస్తకం రాస్తాను. కాగితం చేతికిచ్చే ముందు, ఒకసారి కాళ్ల కింద చూడమంటాను.