వీపుదొర చూద్దామన్నాడు

కల్లూరులో స్వర్ణలత జిరాక్స్ అంగడి పక్కగోడ మీద ఎవరో వచ్చి ఎర్రరంగు గీత గీసి పోయారు. రోడ్డు వెడల్పు చేస్తారట. గీతకు ఇవతల మిగిలే జాగాలో జిరాక్స్ మిషను కూడా పట్టదు. గీత పడ్డ రోజు నుంచీ స్వర్ణలతకు అన్నం సహించడం లేదు. సహించదు మరి! ఆమె కాపురానికి వచ్చిన కొత్తల్లో ఆ అంగడిలో చింతపండు, బెల్లం అమ్మేవాళ్లు. మామ పోయాక మూసేద్దామని ఇంటిల్లిపాదీ అంటే, కాదు కూడదని మిషను తెప్పించి, బోర్డు మీద తన పేరే రాయించుకున్న మనిషి ఆమె.

పోనీ వేరే చోటికి పోదామా అంటే, వెనక సందులో సుందరలక్ష్మి గారి గది ఖాళీగానే ఉంది. ఆవిడ రోజూ ఫోన్ చేసి అడుగుతోంది. "వస్తావా రావా, తేల్చి చెప్పు తల్లీ. ఇంకొకరు కాచుకోనుండారు." స్వర్ణలత తేల్చి చెప్పలేకపోతోంది. ఎందుకంటే మద్దిలేటన్న "చూద్దాంలేమ్మా" అన్నాడు.

మద్దిలేటన్న సంగతి కాస్త చెప్పాలి. ఆ చుట్టుపక్కల రోడ్డు పడాలన్నా, పడేది ఆగాలన్నా ఆయన మాట ఉండాల్సిందే. మంచివాడా, చెడ్డవాడా అంటే ఏమో గానీ, తిక్కమనిషని మాత్రం అందరూ ఒప్పుకుంటారు. తూర్పుకు తిరిగి మాట్లాడితేనే కలిసొస్తుందని ఎవరో సిద్ధాంతి చెప్పాడట, ఇక అంతే. జనం పడమర పక్క కూర్చుంటే వాళ్లకు వీపు చూపించి ఉపన్యాసం ఇస్తాడు. ఒకసారి బస్టాండు దగ్గర గంటసేపు లాడ్జి గోడతో మాట్లాడి దిగిపోయాడు, జనం చప్పట్లు కూడా కొట్టారు. అర్జీలు తీసుకునేటప్పుడు పక్కన పొట్టేలు ఉండాలి. దాని పేరు రాజు. చదివిన అర్జీని రాజు ముందు పెడతాడు. అది నమిలితే పని అయినట్టేనని కొందరు, అర్జీయే లేకుండా పోయాక పని ఎట్లా అవుతుందని ఇంకొందరు. స్వర్ణలత అర్జీని అది నమలనూ లేదు, వదలనూ లేదు. వాసన చూసి తుమ్మింది. ఆయన నవ్వి, "చూద్దాంలేమ్మా" అన్నాడు.

ఇంటికి వచ్చాక మొదలైంది గందరగోళం. భర్త నాగసుబ్బయ్య పప్పుల వ్యాపారి, డోన్‌కూ కర్నూలుకూ మధ్య తిరుగుతూనే ఉంటాడు. "అంత పెద్దమనిషి చూద్దామన్నాడంటే చూస్తాడనే గదా" అన్నాడు. అత్త లక్ష్మీదేవమ్మ, "నవ్వి అన్నాడా, నవ్వకుండా అన్నాడా?" అని అడిగింది. నవ్వే అన్నాడంటే, "అయితే కాదులే" అనేసింది. మరి తుమ్ము సంగతేమిటో ఎవరికీ అంతు చిక్కలేదు. చూద్దాం, చూద్దాంలే, చూద్దాంలేమ్మా... వీటికి తేడా ఉందా? మిషను ముందు నిలబడి స్వర్ణలతకు అదే ఆలోచన. రెండు కాపీలు అడిగినవాళ్లకు నాలుగు తీసిచ్చేది.

ఆమెకు కాస్త ఊపిరాడేది ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే. షట్టర్ సగం దించి, బల్ల చుట్టూ నలుగురు కూర్చుని ఆట ఆడతారు. ఆ ఆటను తెచ్చింది భూపేష్, ఇంట్లో కూర్చునే కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. ఒకరు కథ చెబుతుంటారు. మిగిలినవాళ్లు ఆ కథలో తలా ఒక మనిషిగా మారి మాట్లాడతారు, ఏం చేస్తారో చెబుతారు. చేసింది ఫలించిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మొదట వాళ్ల ఆట కాగితాలు జిరాక్స్ తీసిస్తూ ఇదేం పిచ్చి అనుకున్న స్వర్ణలత, ఒక ఆదివారం మనిషి తక్కువైతే కూర్చుంది. కథ చెప్పడంలో ఆమెను మించినవాళ్లు లేరని ఆ రోజే తేలిపోయింది. బడిలో పాఠాలు చెప్పే శివాని ఆటలో దొంగ. బేతంచెర్ల నుంచి బండల లారీ తోలే అయ్యన్న ఆటలో మంత్రగాడు. స్వర్ణలత చెప్పే రాజ్యంలో ఒక మంత్రి ఉన్నాడు, ప్రజలకు ఎప్పుడూ వీపే చూపిస్తాడు. పేరు వీపుదొర. ఆ మంత్రి ఎవరో కల్లూరులో పసిపిల్లలు కూడా చెప్పేస్తారు.

ఒక ఆదివారం షట్టర్ కింద తెల్లటి పంచె, కిర్రు చెప్పులు కనిపించాయి. వంగి లోపలికి వచ్చింది సాక్షాత్తూ మద్దిలేటన్న! అయ్యన్న చేతిలోంచి పాచిక జారిపోయింది.

"నా మీద ఆట ఆడతాండారంట" అన్నాడాయన.

కోపమా, ముచ్చటా? మొహం చూస్తే ఏమీ తెలియలేదు. స్వర్ణలతకు అంగడి సగం కాదు, మొత్తం పోయిందనిపించింది. "అట్లేం లేదన్నా" అని గొణిగింది.

"ఉంటే ఏమిలే. నేనూ ఆడతా. జరగండప్పా." తూర్పు ఎటో చూసుకుని మరీ కూర్చున్నాడు.

భూపేష్ తడబడుతూ, "మీ మనిషి ఎవరు సార్?" అన్నాడు. ఆటలో ఎవరిగా ఉంటారని అతని ఉద్దేశం.

"నా మనుషులు బయట జీపులో ఉండారు. పిలవల్నా?"

"వద్దొద్దు!" అన్నారు అందరూ ఒక్కసారే.

సంగతి విడమరిచి చెప్పాక ఆయన పడీపడీ నవ్వాడు. రాజుగా ఉండమని శివాని అంటే చెయ్యి ఊపేశాడు. "రాజు మా ఇంట్లోనే ఉండాడు, గడ్డి తింటాండాడు. నాకు పదవి వద్దు, దుడ్లు వద్దు. గొర్లు కాసుకునేవాన్ని చెయ్యండి. పేరు ఓబులేసు. నాతో ఎదురు మాట్లాడేవాళ్లు గావల్లమ్మా. శానా దినాలాయ, ఎవురూ మాట్లాడక."

ఇదేం మనిషిరా నాయనా అనుకుంటూనే స్వర్ణలత కథ మొదలుపెట్టింది. ఏదో అడవి, ఏదో పులి అని చెబుదామనుకుంది. నోటికి వచ్చింది మాత్రం ఇంకొకటి. "ఓబులేసు గొర్రెల దొడ్డి మీదుగా రాజుగారి రహదారి పడుతోంది. భటులు వచ్చి దొడ్డి గోడ మీద ఎర్ర గీత గీసి పోయారు." శివాని బల్ల కింద ఆమె కాలు తొక్కింది. అప్పటికే మాట నోరు దాటిపోయింది.

"ఎవున్ని అడిగి గీసినారు?" ఓబులేసు లేచి నిలబడ్డాడు. "ఆ దొడ్డి మా నాయన కట్టినాడు. యాడుండాడు మీ మంత్రి?"

మంత్రిగా మాట్లాడాల్సింది కథ చెప్పే స్వర్ణలతే. మంత్రి వీపుదొర కాబట్టి ఆమె కుర్చీ తిప్పుకుని, గోడ వైపు మొహం పెట్టి కూర్చుంది. ఎదుటి మొహం కనపడకపోతే నోటికి ఎంత ధైర్యం వస్తుందో ఆమెకు అప్పుడే తెలిసింది.

"ఏమి ఓబులేసూ, ఎట్లొచ్చినావు?"

"దొరా, నా దొడ్డి పోతాండాది. గొర్లను తోలుకొని యాడికి పోవల్ల? అది తప్ప నాకింకేమీ లేదు దొరా."

ఇన్నేళ్లుగా మద్దిలేటన్న తన వాకిట్లో విన్న మాటలే, ఒక్కటీ మరిచిపోలేదు, పొల్లుపోకుండా అప్పజెబుతున్నాడు.

స్వర్ణలత గోడ వైపే చూస్తూ నవ్వింది. "చూద్దాంలే ఓబులేసూ" అంది.

భూపేష్ పాచికను ఆయన ముందుకు నెట్టాడు. "పదిహేను దాటి పడితే మంత్రి మనసు మారుతుంది సార్. వెయ్యండి."

"ఎందుకప్పా వేసేది? చూద్దాం అన్నాడు గదా. అయిపోయె."

"అంటే, చూస్తాడేమో అన్నా" అన్నాడు అయ్యన్న.

"నాకు చెప్తాండావా! చూద్దాం అంటే లేదు అని. మొగం మీద లేదంటే ఏడుస్తారని చూద్దాం అంటాము. ఎన్నేండ్ల నుంచి అంటాండా నేను..." మాట సగంలో ఆగిపోయింది.

స్వర్ణలత కుర్చీ ఇటు తిప్పింది. కళ్ల నిండా నీళ్లు. ఇన్నాళ్లూ ఆ ఒక్క మాటను తిప్పి తిప్పి చూసుకుంది, పొట్టేలు తుమ్ముకు కూడా అర్థాలు వెతికింది. చెప్పాల్సినవాడే చెప్పేశాడు, అదీ చెబుతున్నానని తెలియకుండా. "అన్నా, మరి నా అంగడి?" అంది.

ఆయన నోరు తెరిచాడు. "చూ" అన్నంతవరకూ వచ్చింది, అందరూ విన్నారు. మింగేశాడు. అటూ ఇటూ చూశాడు. తూర్పు ఎటో కూడా మరిచిపోయినట్టున్నాడు.

"పోతాదమ్మా" అన్నాడు చివరికి. "నువ్వు అర్జీ తెచ్చేనాటికే అంతా అయిపోయిండాది. నా చేతుల్లో ఏమీ లేదు."

ఏడవాలో, తిట్టాలో, నిజం చెప్పినందుకు దండం పెట్టాలో స్వర్ణలతకు తెలియలేదు. అంగడి పోయింది. అయినా ఇన్నాళ్లకు ఆకలి వేస్తున్నట్టుంది, ఇదేం చిత్రమో! అక్కడికక్కడే సుందరలక్ష్మికి ఫోన్ చేసింది. "గది నాకే అక్కా. రేపొచ్చి తాళంచెవి తీసుకుంటా."

మద్దిలేటన్న గడప దగ్గరే నిలబడి ఉన్నాడు, పోవడం లేదు. పంచె అంచు నలుపుతూ, "ఆట ఆ కొత్త గదిలో గూడా ఆడతారా?" అన్నాడు.

"ఆడతాం."

"ఓబులేసును రానిస్తారా మరి? వాని దొడ్డి సంగతి ఇంకా తేలలేదు గదా."

స్వర్ణలత పాచికను డబ్బాలో వేసి మూత పెట్టింది.

"చూద్దాంలేన్నా" అంది.

ఆయన చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. నవ్వి అన్నదో, నవ్వకుండా అన్నదో తెలుసుకోవాలని తంటాలు పడ్డాడు. తర్వాత బయటికి పోయి, జీపులో కూర్చున్న తన మనుషులను ఒక్కొక్కరినే అడిగాడట, "ఆయమ్మ అట్లంటే రమ్మనా, వద్దనా?" అని.